శివరాత్రి నుంచి వెనక్కి

చంద్రాపూర్ అనగానే బయటివాళ్లు రెండే ప్రశ్నలు అడుగుతారు. తాడోబాలో పులిని చూశారా? మేలో ఎండ నలభై ఏడు దాటుతుందటగా? రెండింటికీ అవుననే చెప్పాలి. ఎండాకాలంలో దేశంలోకెల్లా వేడెక్కిన ఊళ్ల వరసలో మా ఊరి పేరు పేపర్లో పడుతూనే ఉంటుంది. ఆ రోజుల్లో పెరట్లో పుదీనా కూడా నిలవదు. పొద్దున పోసిన నీళ్లకు మధ్యాహ్నం ఆనవాలుండదు. అందుకని ఇక్కడ ఆకుకూర, కాయగూర పెంచుకునేవాడి ఏడాది దీపావళికి మొదలై శివరాత్రికి ముగుస్తుంది.

ఆ కొద్ది రోజుల్లో ఏం వేయాలో, ఎప్పుడు వేయాలో ఈ అధ్యాయంలో చెబుతాను. మధ్యలో మా ఇంటి సంగతులు వస్తాయి. వాటిని తీసేసి రాద్దామని చూశాను గానీ కుదరలేదు. విత్తనాల తేదీలూ ఇంట్లోవాళ్లు వచ్చిపోయే తేదీలూ మా గోడ మీద ఒకే క్యాలెండర్‌లో ఉంటాయి మరి.

నూట పదిహేడు రోజులు

దీపావళి ఆశ్వయుజ అమావాస్య. శివరాత్రి మాఘ బహుళ చతుర్దశి. నడుమ కార్తీకం, మార్గశిరం, పుష్యం, మాఘం. నాలుగు చాంద్రమాసాలకు ఒక రోజు తక్కువ, అంటే సుమారు 117 రోజులు. ఏ ఏటి పంచాంగం తీసినా ఒకటి అటూ ఇటూగా ఇదే లెక్క. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని సామెత. మా ఊళ్లో అది ఓ వారం ముందే మూటాముల్లె సర్దుకుంటుంది. ఆ తర్వాత కొత్తిమీర కాడ సాగి పూతకొస్తుంది, పాలకూర అదే దారి పడుతుంది, టమాటా పూత రాలిపోతుంది. ఎన్ని నీళ్లు పోసినా ఆగదు.

కొత్తగా పెరడు పెట్టేవాళ్లు చేసే పొరపాటు ఒక్కటే. దీపావళి నుంచి ముందుకు లెక్కపెడతారు. "ఇంకా నాలుగు నెలలుంది కదా" అంటారు. నేనూ అలాగే అన్నాను, ఐదారేళ్లు. మీరు శివరాత్రిని క్యాలెండర్‌లో సున్నా చుట్టి అక్కడి నుంచి వెనక్కి రండి. క్యారెట్‌కు తొంభై నుంచి వంద రోజులు కావాలి. అంటే దీపావళి ప్రమిదలు అటకెక్కిన రెండు వారాల్లోగా గింజ నేలలో పడకపోతే ఈ ఏటికి క్యారెట్ లేదనుకోవడమే. కాలీఫ్లవర్ ఇంకా తొందరపెడుతుంది. నారు పెరగడానికి నాలుగు వారాలు, నాటాక డెబ్భై ఎనభై రోజులు. దాని నారుమడి దీపావళికే పోయాలి. ముల్లంగికి నలభై ఐదు రోజులు చాలు, ఇంగ్లీషు కొత్త సంవత్సరం దాకా వేసుకోవచ్చు. మెంతికూర ఇరవై ఐదు, ముప్పై రోజుల్లో చేతికొస్తుంది. సంక్రాంతి ముగ్గులు చెరిగిపోయాక వేసినా తినగలం. ఇలా వెనక నుంచి చూస్తే ఏది తొందరో, ఏది ఆగుతుందో కాగితం అక్కర్లేకుండానే తెలుస్తుంది.

మాది నల్లరేగడి. వానాకాలంలో చెప్పుకు అంటుకుని చెప్పునే ఊడబెరుకుతుంది. ఎండితే వేలు దూరే నెర్రెలు. దానిలో చలికాలం మడి కట్టాలంటే వానలు వెనకబట్టాక, నేల మరీ గట్టిపడకముందు ఓ పది రోజులే అదను. మన్ను పిడికిట్లో నొక్కితే ముద్ద కావాలి, బొటనవేలితో పొడిస్తే విడిపోవాలి. అప్పుడు జానెడు లోతు తవ్వి, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, మడిని చుట్టూ నేలకన్నా బెత్తెడు ఎత్తు చేయండి. పచ్చి పేడ వద్దు, చెదలొస్తాయి. గుప్పెడు వేపపిండి కలిపితే మంచిది. పెరడు లేనివాళ్లకు అడుగున చిల్లులున్న ఐదు కుండీలు, రోజుకు నాలుగైదు గంటల ఎండ పడే బాల్కనీ చాలు. మెంతికూరకైతే పాత పళ్లబుట్ట కూడా సరిపోతుంది.

కొత్తిమీర గురించి ఒక మాట. విదర్భలో కొత్తిమీరను "సాంబార్" అంటారు. తెలుగు దేశం నుంచి కొత్తగా వచ్చిన కోడళ్లు కూరగాయల బండి వాడు "సాంబార్ ఘ్యా, తాజా సాంబార్" అని అరుస్తుంటే గిన్నె పట్టుకుని బయటికి రావడం మా గల్లీలో పాత జోకు. మా ఆవిడ దాన్ని ఇప్పటికీ ఒప్పుకోదు. సరే, ఆ సాంబార్ వేసేటప్పుడు ధనియాలను చెప్పు కింద మెల్లగా రాచి రెండు బద్దలు చేయాలి. ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి. రాత్రంతా నానబెట్టి వేస్తే ఎనిమిది పది రోజుల్లో మొలక కనిపిస్తుంది. ఐదో రోజుకే మట్టి కెలికి చూసేవాళ్లుంటారు. చూడకండి.

మొదటి ఏడు నేను ఉన్న ధనియాలన్నీ ఒకే రోజు చల్లాను. నలభై రోజులయ్యాక రోజుకు ఆరు కట్టలు. గల్లీ అంతా పంచాం, పంచినవాళ్లు మళ్లీ మాకే పచ్చడి చేసి పంపారు. జనవరి మొదటి వారానికి మడి ఖాళీ. సంక్రాంతికి కొత్తిమీర బజారులో కొన్నాను, అదీ మా కట్టలు తీసుకెళ్లిన మనిషి దగ్గరే. అప్పటి నుంచి విడతలుగా వేస్తున్నాను. పది రోజులకో సాలు, గుర్తుకి పుల్ల. పిల్లలతో ఏడాదికోసారి పెద్ద యాత్ర పెట్టుకుని మిగతా రోజుల్లో ఎవరి గదిలో వాళ్లుండే ఇళ్లు నాకు ఆ మడినే గుర్తుచేస్తాయి. అంత కొత్తిమీర ఒక్కసారి ఎవరు తింటారు?

నీళ్లు పొద్దునపూటే పోయండి. డిసెంబరులో మా దగ్గర రాత్రిళ్లు పది డిగ్రీల కిందికి దిగుతుంది. సాయంత్రం తడిపితే ఆకు రాత్రంతా తడిగా ఉండి తెగుళ్లు పడతాయి. వారానికోసారి మాత్రం ఆకుల మీద నుంచి పోయాలి. ఇది బొగ్గు ఊరు. పొద్దున వేలితో రాస్తే ఆకు మీద నల్లటి గీత పడుతుంది. చిక్కుడుకూ ఆవాలకూ జనవరిలో పేనుబంక పడుతుంది. లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి ఆకు అడుగున కొట్టండి. మందు కొనాలనిపిస్తే ముందు భూతద్దం పెట్టి చూడండి, సగం కాయల మీద అక్షింతల పురుగులు ఆ పనే చేస్తుంటాయి.

ఇంకొకటి. ఊరి అంచున ఉండేవాళ్లయితే పొద్దుగూకాక పెరట్లో వంగి పని చేయకండి. ఈ జిల్లాలో పులీ చిరుతా అడవిలోనే ఉంటాయన్న భరోసా లేదు. వంగి ఉన్న మనిషి వాటికి మనిషిలా కనపడడని అటవీశాఖ వాళ్లు చెబుతూనే ఉంటారు. డిసెంబరు చివర మా ఊళ్లో పగలు పదకొండు గంటలకు ఓ పిసరు తక్కువే. ఆరున్నర దాటాక తెల్లారితే ఐదున్నర దాటగానే మాపవుతుంది. పుష్యమాసంలో పూస గుచ్చేంత పొద్దుండదని అవ్వ, అంటే మా అమ్మ, అంటుండేది.

పదహారు ఆదివారాలు

నూట పదిహేడు రోజులంటే పదహారు ఆదివారాలు, ఒక్కోసారి పదిహేడు. ఉద్యోగస్తుడికి పెరడన్నా ఇల్లన్నా ఆదివారమే కదా.

బాపు, అంటే మా నాన్న, కరీంనగర్ వైపు నుంచి బొగ్గు పనికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. ఇక్కడి తెలుగువాళ్లలో అలా వచ్చినవాళ్లు కొందరు, ఎటూ కదలకుండానే రాష్ట్రం మారినవాళ్లు కొందరు. నది అవతల రాజురా తాలూకా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలో, హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. ఇంట్లో తెలుగు, గల్లీలో మరాఠీ, డ్యూటీలో హిందీ. నేనూ గనిలోనే చేరాను. ఆదివారం డ్యూటీకి కూలి రెట్టింపు. ఇంటి అప్పు, పిల్ల చదువు చూపించి చలికాలం ఆదివారాలన్నీ అమ్ముకున్నాను. ఎండాకాలం ఆదివారాలు ఎందుకు అమ్మలేదంటే, ఆ వేడికి డ్యూటీ చేయలేక. అంటే ఏడాదిలో పనికొచ్చే రోజులు గనికి, వడదెబ్బ రోజులు ఇంటికి. దీన్ని చాలాకాలం త్యాగం అనుకున్నాను. ఇంట్లోనూ అలాగే చెప్పుకున్నాను.

మా పెరట్లో చిక్కుడు పందిరి గల్లీలో పేరుపడ్డది. రథసప్తమి నాడు చిక్కుడు కాయలకు పుల్లలు గుచ్చి రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టేటప్పుడు పక్క ఇళ్లకూ మా తీగే ఆకులిచ్చేది. అందరూ దాన్ని "బాపు చిక్కుడు" అనేవాళ్లు. ఏటా కర్రలు పాతి, తాళ్లు బిగించి, పందిరి మీదికెక్కి నిలబడేది ఆయనే. అవ్వ పోయాక, బాపు మోకాళ్లు మొరాయించాక, పందిరి నా వంతుకొచ్చింది. బీరువాలో గుడ్డమూట విప్పితే గింజలున్నాయి. దీపావళికి అన్నిటితోపాటు పెట్టాను.

మొలిచాయి. మోకాలెత్తు రాకముందే పూశాయి. రెండు గుప్పెళ్ల కాయలు కాసి ఆగిపోయాయి. మరుసటేడు ఎరువు ఎక్కువేశాను, అంతే. మూడో ఏడు కోపంతో ఫిబ్రవరిలోనే పెట్టి ఎండాకాలమంతా నీళ్లు మోశాను. తీగ గోడెక్కింది, ఒక్క పువ్వు లేదు. చిక్కుడులో ఈ పాత నాటురకాలు రాత్రి పొడుగును బట్టి పూస్తాయని తర్వాత తెలుసుకున్నాను. పగలు కురచయితేనే మొగ్గ. ఎండాకాలం పగళ్లు పదమూడు గంటలు, ఆకు తప్ప పువ్వు రాదు. దీపావళికి పెడితే అప్పటికే పగలు తగ్గిపోయి ఉంటుంది, తీగ ఎదగకముందే పూత తొందర. కాబట్టి వానల్లో పెట్టాలి. పెద్ద తీగై పందిరి నిండేసరికి చలి రావాలి.

ఇంత సులువైన సంగతికి మూడు చలికాలాలు పోయాయి. బాపు ఇంట్లోనే ఉన్నాడు, మంచం నా మంచానికి గోడ అవతలే. ఒకసారి అడిగి ఉంటే సరిపోయేది. రిటైరైన ఏడు, మొదటి ఖాళీ ఆదివారం, టీ పట్టుకెళ్లి అడిగాను.

"బాపూ, చిక్కుడు ఎప్పుడు పెడుతుంటివి?"

ఆయన గ్లాసు ఊదుకుంటూ నా వైపు వింతగా చూశాడు. "నేనెక్కడ పెట్టిన్రా? పందిరేస్తుంటి. గింజ పెట్టేది మీ అవ్వ."

"ఎప్పుడు పెట్టేది?"

"నాకేమెరుక? నేను డ్యూటీలుంటి."

ముప్పై ఏళ్లు ఆ ఇద్దరి మధ్య ఒకే తీగ పాకింది. ఆయనకు కింద గింజ సంగతి తెలియదు. నేను పందిరి మీద నిలబడ్డ మనిషినే చూశాను, వంగి గింజ పెట్టిన మనిషిని ఎప్పుడూ చూడలేదు. ఇంట్లోవాళ్లకు సమయం ఇవ్వమని పుస్తకాలు చెబుతాయి, ఈ పుస్తకమూ ముందు అధ్యాయాల్లో చెప్పింది. ఎవరికి ఇవ్వాలో మాత్రం చెప్పలేదు. మీ ఇంట్లో అందరూ పొగిడే పని ఏదో ఒకటి ఉంటుంది. దాని మొదలు ఎవరి చేతిలో ఉందో అడిగి చూడండి. ఈ వారమే అడగండి, వాళ్లు చెప్పగలిగే స్థితిలో ఉండగా.

పక్కింటి ఆజీకి తెలిసింది. అవ్వా ఆవిడా గోడ మీద నుంచి గిన్నెలు మార్చుకునేవాళ్లు. సగం మరాఠీ సగం తెలుగులో ఆవిడ చెప్పిందేమిటంటే, అవ్వ ముసురు పట్టగానే గింజ పెట్టేదట. ఎద్దుల పండగ పోళా నాటికి తీగ మోకాలు దాటాలనేదట. దాటకపోతే ఆజీని పిలిచి చూపించి బాధపడేదట. ఆజీకి గుర్తున్నది ఆ బాధే.

చేతులకు పనుంటే

మా అమ్మాయి పుణెలో ఉద్యోగం. చలికాలంలో మూడుసార్లొస్తుంది: దీపావళికి, డిసెంబరు చివర, కుదిరితే సంక్రాంతికి. వెనక్కి లెక్కపెట్టే పద్ధతి దీనికీ వాడాను. పదహారు ఆదివారాల్లో మా ఇంట్లో ఉండేవి మూడు. ఆ లెక్క గోడ మీద రాసి భయపడాల్సిన పనిలేదు గానీ, ఆ మూడు ఆదివారాల్లో మాత్రం నేను ఎవరి గృహప్రవేశానికీ వెళ్లను.

ఎదురుగా కూర్చోబెట్టి "ఏమ్మా, ఎలా ఉంది ఉద్యోగం" అంటే "బాగానే ఉంది నాన్నా" అంటుంది. ఫోన్లో చెప్పేదీ అదే. పోయిన డిసెంబరులో మేడ మీద ఎండలో చాప పరిచి పచ్చి కందికాయల కుప్ప పోశాం. ఆ రోజుల్లో విదర్భ అంతా ఇదే పని. ఒలిచిన పచ్చి కందులను సోలే అంటారు, వాటితో అన్నం వండుతారు. పచ్చి కందికాయకు పైన సన్నటి నూగు, జిగురు. ఒలుస్తుంటే వేళ్లకు గోధుమరంగు పట్టి, ఒకటి రెండు రోజులు వదలదు. కాయ కొన నొక్కితే టప్పున విచ్చుకుంటుంది. ఒక్కోదాన్లో నాలుగు గింజలు, ఎక్కడో ఒక పురుగు. పావుగంట ఎవరూ ఏమీ మాట్లాడలేదు. గింజలు గిన్నెలో పడే చప్పుడు. బాపు కుర్చీలో కునుకు.

తను కాయ మీద నుంచి చూపు ఎత్తకుండానే అంది. "నాన్నా, నేను మానేద్దామనుకుంటున్నా."

నా నోటిదాకా వచ్చింది, జీతం గురించి. చేతిలో ఉన్న కాయ ఒలవడం పూర్తయ్యేదాకా ఆగాను. ఆ కాయలో పురుగుంది. తీసి అవతల పారేసేసరికి మాట చల్లారింది. "ఎప్పటినుంచి?" అన్నాను.

"వానాకాలం నుంచి."

ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో వారానికి రెండు మూడు ఫోన్లు. మిగతాది ఆ కుప్ప అయ్యేలోపు చెప్పింది. ఏం చెప్పిందో ఇక్కడ రాయను, అది తన విషయం. మీకు నేనిచ్చే సలహా ఇంతే. పిల్లలతో మాట్లాడాలంటే వాళ్ల చేతుల్లో ఏదో ఒకటి పెట్టండి, మీ చేతుల్లోనూ. మెంతికూర ఏరడం, బఠాణీ ఒలవడం, మడిలో కలుపు తీయడం. కళ్లు కళ్లలో పెట్టక్కర్లేని పని ఏదైనా సరే. కారు నడపడం కూడా పనికొస్తుందంటారు. కానీ కారు గమ్యం చేరిపోతుంది, కందికాయలు ఇంకో బస్తా తెచ్చుకోవచ్చు.

చేతిపని మనుషులను కలుపుతుందనడానికి ఈ జిల్లాలోనే వరోరా దగ్గర ఆనందవన్ ఉంది. కుష్ఠు వచ్చిందని సొంతవాళ్లే వెళ్లగొట్టిన మనుషులను వెంటబెట్టుకుని బాబా ఆమ్టే, సాధనాతాయి రాళ్లనేల తవ్వి బావి తీసి కూరగాయలు పండించారు. మొదట్లో ఊళ్లోవాళ్లు ఆ కూరగాయలు కొనలేదు, ముట్టుకోవడానికే భయం. 1954లో అనేక దేశాల నుంచి యువ వాలంటీర్లు వచ్చి, అక్కడే ఉండి, ఆ పంటే తిని, ఆసుపత్రి భవనం కట్టారు. అది చూశాక ఊరివాళ్ల భయం కరిగి, కూరగాయలు అమ్ముడుపోయాయి. నేను తొలిసారి అక్కడికి వెళ్లింది బడి పిల్లాడిగా. గుర్తున్నది ఒక్కటే: మడి పక్కన కూర్చుని ఇద్దరు ముసలివాళ్లు కలుపు తీస్తూ తగువులాడుకుంటున్నారు, ఇంట్లో మొగుడూ పెళ్లాల్లా. ఇల్లు పోయినవాళ్లకు మళ్లీ తగువులాడుకునేంత ఇల్లు అక్కడ దొరికింది.

ఈ ఏడు ముసురు పట్టిన మూడో రోజు చిక్కుడు గింజ పెట్టాను. కుదుళ్లు రెండు, కుదురుకు నాలుగు గింజలు, అంగుళం లోతు. మా ఆవిడ గొడుగు పట్టుకుని, తడిసింది నేనే అయినా తనే తడిసినట్టు విసుక్కుంది. పోళా రోజు ఆజీని పిలిచాను. ఆవిడ గోడ దగ్గరికొచ్చి చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, తీగ పక్కన నిలబడి, తన మోకాలితో కొలిచి చూసింది. దాటింది.

పందిరికి అమ్మాయి వచ్చింది. ఇప్పుడు తనకు వేరే ఉద్యోగం, అది వేరే కథ. కర్రలు నేను పాతుతుంటే తను తాళ్లు అందించింది. బాపు కుర్చీ పెరట్లోకి జరిపించుకుని, చేతికర్ర ఊపుతూ అజమాయిషీ చేశాడు. నాలుగు కర్రలూ పాతి, అడ్డకర్రలు కట్టి, నడుం పట్టుకుని నిలబడ్డాను.

"ఆ మూడోది వంకరుంది" అన్నాడు.

వంకరలేదు. అమ్మాయి నా వైపు చూసింది. కర్ర పీకి మళ్లీ పాతాను.